రక్తంలో నీటి లెక్క

రక్త పరీక్షకు వెళ్తే ల్యాబ్‌లో కూర్చోబెట్టి చేతికి పట్టీ బిగిస్తారు. అంతకుముందు అరగంట పాటు వరుసలో నిలబడ్డామా, బెంచీ మీద కూర్చున్నామా, మంచం మీద పడుకున్నామా అని సాధారణంగా ఎవరూ అడగరు. అడగవలసిన ప్రశ్నే అది. పడుకున్న మనిషి లేచి అరగంట కదలకుండా నిలబడితే అతని రక్తంలోని ప్లాస్మా పది నుంచి పదిహేను శాతం దాకా తగ్గిపోతుంది. గాయం లేదు, చెమట లేదు. అయినా మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల ద్రవం రక్తనాళాలు దాటి కాళ్ల కండరాల్లోకీ చర్మం కిందికీ చేరుతుంది. మళ్లీ పడుకుంటే వెనక్కి వస్తుంది. ఈలోపు తీసిన రక్తంలో హిమోగ్లోబిన్, ఆల్బుమిన్, కొలెస్టరాల్, కాల్షియం అన్నీ కాస్త ఎక్కువగానే కనబడతాయి. వాటిలో ఏదీ ఒంట్లో పెరగలేదు. వాటిని మోస్తున్న నీరు తగ్గిందంతే.

పెద్ద మనిషి ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉంటుందని బడిలో చదువుకున్నాం. ఆ అంకె స్థిరమైనదనే అనుకుంటూ వచ్చాం. నిజానికి రక్తంలోని రెండు భాగాలూ, అంటే కణాలూ ప్లాస్మా అనే ద్రవమూ, రెండు వేగాలతో మారతాయి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, కాబట్టి కణాల సంఖ్య వారాల మీద మారుతుంది. ప్లాస్మా మాత్రం నిమిషాల మీద మారుతుంది. ఎండలో పనిచేసే కూలీకి గుండె దడ ఎందుకొస్తుందో, మారథాన్‌లో నీళ్లు బాగా తాగిన మనిషి ఎందుకు కుప్పకూలుతాడో, గర్భిణి రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎందుకు దిగుతుందో, డెంగీ వార్డులో డాక్టర్లు దేనికి కంగారు పడతారో తెలియాలంటే ఈ కదిలే భాగాన్ని గమనించాలి.

పద్నాలుగో వంతు

డెబ్బై కిలోల పురుషుడి ఒంట్లో సుమారు 42 లీటర్ల నీరుంటుంది. అందులో 28 లీటర్లు కణాల లోపలే ఉంటుంది. బయట ఉన్న 14 లీటర్లలో 11 లీటర్లు కణాల మధ్య సందుల్లో ఉంటే, మిగిలిన 3 లీటర్లు మాత్రమే ప్లాస్మాగా రక్తనాళాల్లో తిరుగుతుంది. మొత్తం నీటిలో పద్నాలుగో వంతు అన్నమాట. కానీ గుండె పంపు చేయగలిగేది ఈ వాటానే. బీపీ నిలబడాలన్నా, మెదడుకు ఆక్సిజన్ అందాలన్నా, కిడ్నీలు వడపోయాలన్నా, లోపలి వేడి చర్మం దాకా రావాలన్నా ఈ మూడు లీటర్లే ఆధారం.

ప్లాస్మాలో తొంభై శాతానికి పైగా నీరే. మిగిలినది ప్రోటీన్లు, లవణాలు, గ్లూకోజు వగైరా. ప్రోటీన్లలో ముఖ్యమైనది ఆల్బుమిన్. ప్రతి 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో ఇది సుమారు 4 గ్రాములుంటుంది. లవణాల్లో ముఖ్యమైనది సోడియం, అంటే మనం తినే ఉప్పులోని భాగం. ప్లాస్మా ఎంత ఉండాలో తేల్చేవి ప్రధానంగా ఈ రెండే.

రక్తాన్ని సన్నని గొట్టంలో పోసి యంత్రంలో గిరగిర తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, లేత పసుపు ప్లాస్మా పైన తేలుతుంది. మొత్తంలో ఎర్రకణాల వాటాను హెమటోక్రిట్ అంటారు. మన ల్యాబ్ రిపోర్టుల్లో పీసీవీ అని ఉండేది ఇదే. పురుషుల్లో సుమారు 45 శాతం, స్త్రీలలో 40 శాతం ఉంటుంది. ఇది నిష్పత్తి మాత్రమే. కణాలు పెరిగినా పీసీవీ పెరుగుతుంది, నీరు తగ్గినా పెరుగుతుంది. హిమోగ్లోబిన్ అంకె కూడా అంతే. డెసీలీటరుకు ఇన్ని గ్రాములు అని చెబుతుంది గానీ, ఒంట్లో మొత్తం ఎంత ఉందో చెప్పదు.

మరి అసలు పరిమాణం తెలిసేదెలా? 1915లో అమెరికాలో కీత్, రౌంట్రీ, జెరాటీ అనే వైద్యులు ఒక రంగును నరంలోకి ఎక్కించి, అది ఎంత పలచబడిందో చూసి ప్లాస్మాను లెక్కగట్టారు. తర్వాత ఈ పనికి ఇవాన్స్ బ్లూ అనే నీలి రంగు స్థిరపడింది. అది ఆల్బుమిన్‌కు అంటుకుని రక్తనాళాల్లోనే ఉండిపోతుంది కాబట్టి లెక్క సరిగ్గా వస్తుంది. 1974లో డిల్, కాస్టిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఇంకా తేలిక దారి చూపించారు. వ్యాయామానికి ముందూ తర్వాతా హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ కొలిస్తే, ప్లాస్మా ఎంత శాతం మారిందో ఒక చిన్న సూత్రంతో చెప్పవచ్చు. క్రీడా విజ్ఞానంలో నేటికీ ఆ సూత్రమే వాడుకలో ఉంది.

బయటికి తోసేది, లోపలికి లాగేది

రక్తకేశనాళికల గోడ ఒకే ఒక వరుస కణాలతో కట్టినది. నీరు, లవణాలు ఆ గోడ సందుల్లోంచి సులువుగా రాకపోకలు సాగిస్తాయి. ఆల్బుమిన్ పెద్ద అణువు కావడంతో చాలామటుకు లోపలే ఉండిపోతుంది. 1896లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఇక్కడి సూత్రాన్ని విప్పిచెప్పాడు. గుండె కొట్టే పీడనం నీటిని బయటికి తోస్తుంది. లోపల మిగిలిన ప్రోటీన్లు దాన్ని పట్టి ఉంచుతాయి. ప్రోటీన్ల ఈ లాగుడు సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. బయటికి పోయి తిరిగి రాని ద్రవాన్ని లింఫ్ నాళాలు పోగుచేసి మళ్లీ రక్తంలో కలుపుతాయి. గోడ లోపలి పూత కూడా ఈ వ్యవహారంలో పాల్గొంటుందని తర్వాతి పరిశోధనలు చేర్చాయిగానీ, మూలసూత్రం స్టార్లింగ్‌దే.

కదలకుండా నిలబడినప్పుడు జరిగేది ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. గుండె నుంచి పాదం దాకా ఉన్న రక్తపు బరువంతా కాళ్ల నాళాల మీద పడుతుంది. పాదాల సిరల్లో పీడనం 90 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. ప్రోటీన్ల లాగుడు దానికి చాలదు. ప్లాస్మా బయటికి జారుతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. బందోబస్తులో గంటల తరబడి నిలబడ్డ కానిస్టేబుల్, బడి ప్రార్థనలో ఎండలో నిలబడ్డ పిల్లవాడు కళ్లు తిరిగి పడిపోవడానికి ఇది ముఖ్య కారణం. నడుస్తున్నవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. పిక్క కండరం బిగిసిన ప్రతిసారీ రక్తాన్ని పైకి తోస్తుంది. నిలబడక తప్పని ఉద్యోగాల్లో మడమలెత్తి దించుతూ ఉండమనడం ఇందుకే.

పని మొదలైన పది నిమిషాలు

శ్రమ మొదలయ్యాక ప్లాస్మా తగ్గేది చెమట వల్లనేనని చాలామంది అనుకుంటారు. చెమట పట్టకముందే తగ్గుతుంది. గట్టిగా సైకిల్ తొక్కడం, బస్తాలు మోయడం, పరుగు వంటి పనుల్లో మొదటి కొద్ది నిమిషాల్లోనే పది నుంచి ఇరవై శాతం ప్లాస్మా కండరాల్లోకి వెళ్లిపోతుంది. కారణాలు రెండు. పనిచేసే కండరానికి రక్తం ఎక్కువ కావాలి కాబట్టి అక్కడి చిన్న ధమనులు విచ్చుకుని, కేశనాళికల్లో పీడనం పెరుగుతుంది. అదే సమయంలో కండరకణాల్లో లాక్టేట్ వంటి చిన్న అణువులు పోగై ద్రవాభిసరణ ద్వారా నీటిని తమవైపు లాగుతాయి. జిమ్‌లో బరువులెత్తిన కుర్రాళ్లు కండ ఉబ్బిందని అద్దంలో చూసుకుని మురిసిపోయే ‘పంప్’లో చాలా భాగం ఇలా వచ్చిన నీరే. వ్యాయామం ఆపి విశ్రాంతి తీసుకుంటే గంటలోపే చాలామటుకు తిరిగి రక్తంలోకి చేరుతుంది.

శారీరక శ్రమే అక్కర్లేదు. పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడో, ఇంటర్వ్యూ ముందరో కలిగే ఆందోళన కూడా బీపీని పెంచి కొంత ప్లాస్మాను బయటికి తోస్తుందని, అప్పుడు రక్తం కాస్త చిక్కబడుతుందని ప్రయోగాల్లో తేలింది.

ఎండ తోడైతే

ఇప్పటిదాకా చెప్పింది ఒంట్లోనే చోటు మారిన నీరు. ఎండలో పని చేస్తే నీరు ఒంటినే వదిలిపోతుంది. ఎండలో కష్టపడే మనిషికి గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల చెమట పట్టడం అసాధారణమేమీ కాదు. చెమట ఆవిరయ్యే కొద్దీ చర్మం చల్లబడుతుంది. అయితే లోపలి వేడి చర్మం దాకా రావాలంటే రక్తమే మోసుకురావాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి మొత్తం ఐదు లీటర్ల రక్తాన్ని పంపుతుంది. తీవ్రమైన వేడిలో ఒక్క చర్మానికే నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు చేరాల్సిన పరిస్థితి వస్తుంది. మరోపక్క పనిచేసే కండరాలూ రక్తం కోసం అడుగుతూనే ఉంటాయి. రెండింటికీ పంచాల్సిన ప్లాస్మా మాత్రం చెమటలో కరిగిపోతూ ఉంటుంది.

ప్లాస్మా తగ్గితే గుండెలోకి వచ్చే రక్తం తగ్గుతుంది, ఒక్కో కొట్టుడుకు బయటికి వెళ్లే రక్తమూ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. ఒంటి బరువులో ఒక శాతం నీరు పోయిన కొద్దీ గుండె నిమిషానికి మూడు నుంచి ఐదు సార్లు అదనంగా కొట్టుకుంటుందని అంచనా. లోపలి ఉష్ణోగ్రతా కొద్దికొద్దిగా పెరుగుతుంది. రెండు శాతం పోయేసరికి, అంటే అరవై కిలోల మనిషి లీటరు పైచిలుకు నీరు కోల్పోయేసరికి, పని సత్తువ తగ్గడం మొదలవుతుంది. ఇంకా ముందుకు వెళ్తే బీపీని కాపాడటానికి ఒళ్లు చర్మానికి వెళ్లే రక్తాన్ని కత్తిరిస్తుంది. వేడి లోపలే చిక్కుకుంటుంది. వడదెబ్బకు ఇది ఒక ముఖ్యమైన దారి. 2015 మే నెల వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఆరుబయట పనిచేసే పేదలు.

దాహం దేన్ని కొలుస్తుంది?

ఒంట్లో నీటి మీద నిఘా పెట్టిన వ్యవస్థలు రెండున్నాయి. మొదటిది మెదడులోని హైపోథాలమస్‌లో ఉంది. అది రక్తంలో లవణాల గాఢతను గమనిస్తుంది. ఆ గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలై కిడ్నీలు నీటిని మూత్రంలోకి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఇంకాస్త పెరిగితే దాహం వేస్తుంది. రెండవది గుండెలోనూ పెద్ద ధమనుల్లోనూ కిడ్నీల్లోనూ ఉంది. అది రక్తపు పరిమాణాన్ని, పీడనాన్ని గమనిస్తుంది. తగ్గితే రెనిన్, ఆంజియోటెన్సిన్, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్లు వరుసగా రంగంలోకి దిగి కిడ్నీల చేత ఉప్పును ఆదా చేయిస్తాయి. ఎక్కువైతే గుండె తానే ఒక హార్మోన్ వదిలి అదనపు ఉప్పూ నీరూ మూత్రంలో పోయేలా చేస్తుంది. గుండెకు ఈ పని కూడా ఉందని 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ బృందం కనుగొంది.

ఈ రెండింటిలో మొదటిది చాలా సున్నితమైనది. రెండవది కొంత మొద్దు. పరిమాణం తగ్గిందన్న కారణంతో వాసోప్రెసిన్ గట్టిగా విడుదల కావాలంటే సుమారు పది శాతం రక్తం తగ్గాలి. ఎండలో జరిగే చిక్కంతా ఇక్కడే ఉంది. చెమటలో నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. లీటరు చెమటలో పోయే ఉప్పు మనిషిని బట్టి మారుతుంది గానీ, సగటున అర టీస్పూనుకు కాస్త తక్కువ అనుకోవచ్చు. ఉప్పూ నీరూ రెండూ పోయిన మనిషి మంచినీళ్లు తాగగానే గాఢత మామూలు స్థాయికి వచ్చేస్తుంది. దాహం తీరిపోతుంది. ప్లాస్మా మాత్రం ఇంకా లోటులోనే ఉంటుంది. నోరు, గొంతు, కడుపు తడిసిన కబురు కూడా మెదడుకు ముందే చేరి, నీరు రక్తంలోకి ఇంకకముందే దాహాన్ని ఆపేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ అడాల్ఫ్ బృందం ఎడారిలో సైనికుల మీద అధ్యయనాలు చేసింది. పక్కనే కావలసినంత నీరున్నా, మనుషులు చెమటలో పోయినంత తాగరని, భోజనం చేసే సమయంలోనే ఆ లోటు చాలావరకు తీరుతుందని గమనించింది. భోజనంతో పాటు ఉప్పు లోపలికి వెళ్తుంది. దాహం మళ్లీ మేలుకుంటుంది, తాగిన నీరు ఒంట్లో నిలుస్తుంది.

లీటరు నీళ్లు ఎక్కడికి పోతాయి?

ఒక లీటరు మంచినీళ్లు తాగామనుకుందాం. ఉప్పు లేని ఆ నీరు కణాల లోపలికీ బయటికీ సమంగా పరుచుకుంటుంది. ప్లాస్మా వాటా పద్నాలుగో వంతే కాబట్టి, చివరికి రక్తంలో మిగిలేది సుమారు 70 మిల్లీలీటర్లు. పైగా రక్తం పలచబడిందని వాసోప్రెసిన్ తగ్గిపోయి, కిడ్నీలు కొంత నీటిని మూత్రంగా వదిలేస్తాయి. అదే లీటరు సెలైన్ నరంలోకి ఎక్కిస్తే సోడియం కణాల బయటే ఉండిపోతుంది కాబట్టి నీరూ బయటే ఆగుతుంది. బయటి 14 లీటర్లలో ప్లాస్మా 3 లీటర్లు. ఆ లెక్కన రక్తంలో 200 మిల్లీలీటర్ల పైచిలుకు నిలుస్తుంది. నీటిని ఒంట్లో ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది ఉప్పు.

1988లో అమెరికాలో హిరోషి నోసె, ఈథన్ నాడెల్ తదితరులు దీన్ని మనుషుల మీద చూపించారు. చెమట పట్టించిన తర్వాత కొన్ని సందర్భాల్లో మంచినీళ్లే తాగమన్నారు, ఇంకొన్ని సందర్భాల్లో నీటితో పాటు ఉప్పు మాత్రలు మింగించారు. ఉప్పు అందినప్పుడే పోయిన నీరు ఎక్కువగా తిరిగి చేరింది, ప్లాస్మా కూడా బాగా కోలుకుంది.

ఉప్పు సంగతి పట్టించుకోకుండా నీళ్లే తాగుతూ పోతే మరో ప్రమాదం ఎదురవుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం మామూలు కంటే తక్కువగా ఉంది. పోయిన చెమట కంటే ఎక్కువ నీళ్లు తాగి, పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఈ ముప్పు ఎక్కువని తేలింది. సోడియం బాగా పడిపోతే నీరు మెదడు కణాల్లోకి చొరబడి వాపు తెస్తుంది, ప్రాణమే తీస్తుంది. ‘దాహం లేకపోయినా తాగుతూనే ఉండు’ అన్న సలహా అందరికీ అన్నివేళలా పనికిరాదు.

ఉప్పూ నీరూ కలిసి ఇవ్వాలన్న పాఠం వైద్యానికి కలరా నేర్పింది. 1831 చివరిలో ఇంగ్లండులో కలరా రోగుల రక్తాన్ని పరీక్షించిన యువ వైద్యుడు ఓషానెస్సీ, అందులో నీరూ లవణాలూ పోయాయని నిర్ధారించాడు. మరుసటి ఏడాది స్కాట్లండులో థామస్ లాటా ఉప్పునీటిని నేరుగా నరాల్లోకి ఎక్కించి, చావుబతుకుల్లో ఉన్న కొందరిని లేపి కూర్చోబెట్టాడు. ఓషానెస్సీ తర్వాత కలకత్తా వచ్చి వైద్య కళాశాలలో పాఠాలు చెప్పాడు, మన దేశంలో టెలిగ్రాఫు తీగలూ వేయించాడు. 1960లో రాబర్ట్ క్రేన్ పేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయని ప్రతిపాదించాడు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు తాగించాడు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆ ద్రావణమే మన ఓఆర్‌ఎస్. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రంలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. ఈ కొలత తప్పితే పని జరగదు. పంచదార మోతాదు మించిన పానీయం పేగులోకే నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. అలాంటి తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఒళ్లు నేర్చుకునే పాఠం

పదేపదే శ్రమ, వేడి తగిలితే ఒళ్లు ఊరుకోదు. ప్లాస్మాను పెంచుకుంటుంది. ఒక్కసారి గట్టిగా వ్యాయామం చేసినా మరుసటి రోజుకల్లా ప్లాస్మా పదో వంతు వరకు పెరగవచ్చు. కిడ్నీలు ఉప్పును దాచుకుంటాయి, రక్తనాళాల్లో ఆల్బుమిన్ పెరిగి నీటిని పట్టి ఉంచుతుంది. వేడిలో రోజూ పనిచేస్తే తొలి వారంలోనే ప్లాస్మా సాధారణంగా 5 నుంచి 15 శాతం పెరుగుతుంది. గుండె వేగం తగ్గుతుంది. చెమట త్వరగా, ధారాళంగా పడుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గుతుంది. పది పద్నాలుగు రోజుల్లో ఒళ్లు చాలావరకు వేడికి అలవాటు పడుతుంది. పని మానేస్తే కొద్ది వారాల్లో ఆ అలవాటు పోతుంది.

దీన్ని మొదట పెద్దయెత్తున వాడుకున్నది దక్షిణాఫ్రికా బంగారు గనులు. విట్‌వాటర్స్‌రాండ్ లోతు గనుల వేడికి కార్మికులు చనిపోతుంటే, 1930లలో డ్రియోస్టి అనే వైద్యుడు కొత్తవారిని వేడి గదుల్లో రాళ్లు ఎత్తిపోయించి పరీక్షించి, అలవాటు చేశాకే కిందికి దింపే పద్ధతి తెచ్చాడు. నల్లజాతి కూలీల చేత నిర్బంధంగా పని చేయించుకునే వ్యవస్థలో, లాభం దృష్టితో జరిగిన పని అది. అయినా అక్కడ తేలిన శరీరధర్మం అందరికీ వర్తిస్తుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే ప్రకారం వేడి వల్ల జరిగే పని మరణాల్లో 70 శాతానికి పైగా మొదటి వారంలోనే జరుగుతున్నాయి, సగానికి దగ్గరగా మొదటి రోజే. అప్పటికి ప్లాస్మా పెరగలేదు మరి. అందుకే కొత్త కూలీకి మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే అప్పగించి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచమంటారు.

రక్తం తగ్గిందా, నీరు పెరిగిందా?

ప్లాస్మా పెరిగితే రిపోర్టు మనల్ని రెండో వైపు నుంచి తికమక పెడుతుంది. దూరపు పరుగులు తీసేవాళ్లలో హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా కనిపించడం మామూలే. వాళ్ల ఒంట్లో ఎర్రకణాలు నిజానికి ఎక్కువే ఉంటాయి, ప్లాస్మా అంతకంటే ఎక్కువ పెరిగి ఉంటుంది. పులుసులో నీళ్లు ఎక్కువైతే గరిటెకు ముక్కలు తక్కువ తగిలినట్టు, ఇక్కడ లోపించింది ఏమీ లేదు. కొండలెక్కితే ఇది తలకిందులవుతుంది. ఎత్తుకు వెళ్లిన మొదటి రోజుల్లో ప్లాస్మా పది ఇరవై శాతం తగ్గి, కొత్త కణాలు పుట్టకముందే హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనబడుతుంది. భారం లేని అంతరిక్షంలో రక్తం తల వైపు చేరడంతో వ్యోమగాముల ప్లాస్మా కూడా తొలి రోజుల్లోనే తగ్గిపోతుంది. భూమికి దిగే ముందు వాళ్ల చేత ఉప్పు మాత్రలు మింగించి నీళ్లు తాగిస్తారు.

గర్భిణిలో ప్లాస్మా 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఎర్రకణాలు 20 నుంచి 30 శాతమే పెరుగుతాయి. అందుకే హిమోగ్లోబిన్ కొంత దిగడం సహజం. మాయకు రక్తం అందడానికీ, కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకోవడానికీ ఒళ్లు చేసుకునే ఏర్పాటది. కానీ ఈ మాట అడ్డం పెట్టుకుని ఐరన్ మాత్రలు పక్కన పెట్టకూడదు. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతగా లెక్క. రెండో త్రైమాసికంలో ఈ హద్దు 10.5. ప్లాస్మా పెరుగుదలను లెక్కలోకి తీసుకునే ఈ హద్దులు పెట్టారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఆ కొరత నిజమైనదే.

డెంగీలో చూడాల్సిన అంకె

ఇంట్లో ఎవరికైనా డెంగీ వస్తే బంధువులంతా ప్లేట్‌లెట్ల సంఖ్యే అడుగుతారు. దానితో పాటు పీసీవీ కూడా అడగాలి. తీవ్రమైన డెంగీలో కేశనాళికల గోడలు సడలి ప్లాస్మా పొట్టలోకీ ఛాతీలోకీ కారిపోతుంది. అదీ జ్వరం తగ్గే వేళ, సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య మొదలై, ఒకటి రెండు రోజులు సాగుతుంది. జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయమే అసలు గండం.

పీసీవీ 40 ఉన్న మనిషికి 48కి చేరిందనుకోండి. చూడటానికి తేడా ఎనిమిదే. లెక్క వేస్తే సంగతి బయటపడుతుంది. ఐదు లీటర్ల రక్తంలో రెండు లీటర్లు కణాలు, మూడు లీటర్లు ప్లాస్మా. కణాలు అలాగే ఉండి పీసీవీ 48 కావాలంటే మొత్తం రక్తం 4.17 లీటర్లకు పడిపోయి ఉండాలి. అంటే 830 మిల్లీలీటర్ల ప్లాస్మా, ఉన్నదానిలో నాలుగో వంతుకు పైగా, రక్తనాళాలు వదిలిపోయింది. అందుకే పీసీవీ ఇరవై శాతం పెరగడాన్ని ప్లాస్మా కారుతోందనడానికి గుర్తుగా తీసుకుంటారు. లీకు ఆగాక ఆ ద్రవం తనంతట తానే తిరిగి వస్తుంది. అప్పటికీ సెలైన్ ఎక్కిస్తూ పోతే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఎక్కించడం ఎంత ముఖ్యమో ఎప్పుడు ఆపాలో తెలియడం అంతే ముఖ్యం. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి పరుగెత్తాలి.

చేయగలిగినవి

ఎండాకాలం పనికి వెళ్లేవారు గట్టిగా దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండటం, చెమట ధారగా పట్టే పనిలో ఉప్పు వేసిన మజ్జిగో గంజో అంబలో ఓఆర్‌ఎస్సో తోడు చేసుకోవడం, భోజనం మానకపోవడం మేలు. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే నీరు చాలలేదని గుర్తు. గుండె, కిడ్నీ, బీపీ జబ్బులున్నవారు ఉప్పు, నీరు ఎంత తీసుకోవాలో తమ డాక్టరునే అడగాలి. రెండు నెలల తేడాతో హిమోగ్లోబిన్ పోల్చి చూసుకునేవారు ఒకే ల్యాబ్‌లో, ఒకే సమయానికి, పావుగంట కూర్చున్నాక రక్తం ఇస్తే పోలిక సరిగ్గా ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద బాధ్యత మాత్రం పని ఇచ్చేవారిది. ఉపాధి హామీ పనులు, ఇటుక బట్టీలు, మిర్చి కోతలు, భవన నిర్మాణం, ఏదైనా సరే, వేసవిలో కొత్తగా చేరినవారికీ, జ్వరమో సెలవో ముగించుకుని తిరిగొచ్చినవారికీ మొదటి వారం తగ్గించిన పని, నీడలో విరామం, ఉప్పుతో కూడిన పానీయం ఇవ్వాలి. కష్టానికి తగ్గట్టు ప్లాస్మాను పెంచుకోవడానికి ఒంటికి ఆ వారం కావాలి. ఆ గడువు ఇస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి.